ఫార్వర్డ్‌లో చూసిన నడక

ఇరవై రెండేళ్లు ఇతరులు చేసిన పనికి మార్కులు వేస్తూ బతికాను. సికింద్రాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక ఆదివారం అనుబంధంలో టీవీ పేజీ నాది. సీరియళ్లు, పాటల పోటీలు, వంటల కార్యక్రమాలు, ఏది కొత్తగా మొదలైనా చూసి బాగుందో లేదో చెప్పాలి. పక్కన తపాలా బిళ్లంత నా ఫోటో వేసేవారు. పద్మారావు నగర్‌లో మా వీధికి వచ్చే కూరగాయల బండి ఆయన కూడా ఆ ఫోటో చూసి నన్ను గుర్తుపట్టేవాడు. నాకది బాగా నచ్చేది, అబద్ధం చెప్పను.

ఇప్పుడు రివ్యూలు రాస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతుంటారు. నవ్వొచ్చే సంగతులు నాలుగు చెప్పి పెట్టేస్తుంటాను. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే పరువు పెరిగే సంగతి కాదు. కానీ మీరు చేస్తున్నది నేను చేసిన ఉద్యోగమే కాబట్టి, నేను చేసిన తప్పు కూడా మీ దగ్గరికి ఏదో ఒక రోజు వచ్చి కూర్చుంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మా పని పద్ధతి చెప్పాలి. అనుబంధం జనం చేతికి ఆదివారం అందేదే గానీ, బుధవారం మధ్యాహ్నానికే పేజీలు మూసి అచ్చుకు పంపేవాళ్లు. కాబట్టి ఆదివారం మొదలయ్యే కార్యక్రమాన్ని టీవీలో చూసి రాయడం కుదిరేది కాదు. నిర్మాతలే ముందుగా వీడియో క్యాసెట్లు పంపేవారు. వారానికి నాలుగైదు వచ్చేవి. ఆఫీసులో ఉన్నది ఒక్క టీవీ, ఒక్క వీసీఆర్, అవి కూడా సినిమా పేజీ వాళ్లకూ మాకూ ఉమ్మడి. అందుకని మా డెస్కు మొత్తానికీ ఒక అలవాటు ఉండేది. ఫార్వర్డ్‌లో చూడడం.

ఫార్వర్డ్ నొక్కితే బొమ్మ గబగబా పరిగెత్తుతుంది, అడ్డంగా గీతలు పడతాయి, శబ్దం రాదు. ఎవరైనా ఏడుస్తున్నట్టు కనబడితే ప్లే నొక్కుతాం. చెంపదెబ్బ పడితే ప్లే. లేకపోతే ముందుకే. మొదటి సీను అసలు చూసేవాళ్లమే కాదు. ఏ సీరియల్లోనైనా మొదటి సీను పూజగదిలో హారతేనని మాకు గట్టి నమ్మకం. ముప్పావు గంట టేపును పది నిమిషాల్లో తేల్చేసేదాన్ని. కొత్తగా చేరినవాళ్లకు ఈ విద్య నేనే నేర్పేదాన్ని కూడా.

ఒక ఏడాది, బడులు తెరిచిన కొత్తలో, ఒక క్యాసెట్ వచ్చింది. బేగంపేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో నడిచే చిన్న స్టూడియో నుంచి. ఇరవై ఆరు భాగాల బొమ్మల సీరియల్. బయటి దేశాల కార్టూన్లకు తెలుగు మాటలు అతికించి చూపిస్తున్న కాలంలో, ఇది మన ఊళ్లో మనవాళ్లు చేత్తో గీసినది. ఒక రాక్షసుడు ఒక రాజ్యపు ఉదయాన్ని దొంగిలించి కొండ మీద పెట్టెలో దాస్తాడు. ఒక పిల్ల దాన్ని వెనక్కి తేవడానికి బయల్దేరుతుంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ప్రసారం. ఒక బిస్కెట్ల కంపెనీ స్పాన్సరు. క్యాసెట్ మీద అతికించిన కాగితంపై ఎవరో పెన్నుతో ఆ పిల్ల బొమ్మ గీశారు. జడ ఒక పక్కకు ఎగురుతోంది, చేతిలో ఖాళీ లాంతరు. బొమ్మ బాగుందే అనుకుని క్యాసెట్ లోపలికి తోశాను.

మొదటి సీను దాటించేశాను. ఫార్వర్డ్ నొక్కాను. ఫార్వర్డ్‌లో ఎవరు నడిచినా ఎగిరెగిరి పడుతూనే ఉంటారు గానీ, ఆ పిల్ల నడక మరీ ఘోరంగా తోచింది. ఒక కాలు ముందుకు పడుతోంది, రెండోది వెనకాల ఈడ్చుకొస్తోంది. టేపులో ఉన్న మొదటి రెండు భాగాలూ అంతే. చేత్తో గీసే బొమ్మల్లో నడక గీయడమే కష్టమని ఎక్కడో చదివి ఉన్నాను. ఆ సగం చదువు పైకి తీశాను. "గీసినవాళ్లకు ఒక కాలు గీయడం వచ్చింది, రెండోది ఇంకా నేర్చుకుంటున్నట్టున్నారు" అని రాశాను. శీర్షిక కూడా నేనే పెట్టాను, "కుంటుతున్న బొమ్మలు" అని. డెస్కులో అందరూ నవ్వారు. మా ఇన్‌చార్జి, గోదావరి జిల్లా మనిషి, మెచ్చుకోవడం చాలా తక్కువ. ఆయన కూడా కళ్లజోడు పైకెత్తి, "అదిరిందమ్మా" అన్నాడు.

ఆదివారం నా రివ్యూ వచ్చింది, తొమ్మిదిన్నరకు సీరియలూ వచ్చింది. ఆ వేళకు నేను చర్చిలో ఆరాధనలో ఉన్నాను, పాటలు పాడే క్వయర్‌లో రెండో వరసలో. సోమవారానికల్లా ఇంకో రెండు పత్రికల్లో నా ముక్కే కొంచెం మాటలు మార్చి వేశారు. వాళ్ల దగ్గర కూడా టేపు నా దగ్గర నడిచినట్టే నడిచి ఉంటుంది, లేదా అసలు నడిచే ఉండదు. నా మాట నలుగురి నోట పడిందని ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

మంగళవారం పదకొండింటికి ఒకాయన నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. కుడి అరచేతి అంచు పెన్సిల్ నలుపుతో మెరుస్తోంది. చంకలో ఒక ఫైలు. ఆ సీరియల్‌కు బొమ్మలు గీసేవాళ్లందరికీ తనే పెద్ద అని చెప్పుకున్నాడు. తగువుకు వచ్చాడనుకుని నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"మేడం, నేను లడాయికి రాలే. ఒక్క మాట అడిగి పోతా. గా పిల్ల కాలు మేం కావాల్ననే అట్ల గీసినం. గీయ రాక కాదు."

"కావాలనా?"

"అవ్ మేడం. రాక్షసుని పహారాగాళ్లకు కండ్లు లెవ్వు, చెవులే. మనుషులు నడిచే సప్పుడు విని పట్టుకుంటరు. అందరి నడక ఒకటే తాళం. ఈ పిల్ల నడక ఆ తాళంల పడది, మనిషే కాదనుకుంటరు. అందుకే రాజు ఫౌజు పోలేని కాడికి ఈమె ఒక్కతే పోగల్గుతది. మొత్తం కథ ఆ కాలు మీదనే ఉంది. మొదటి సీన్లనే చెప్పినం." ఆగి నా మొహంలోకి చూశాడు. "మొదటి సీను మీరు చూసిన్రు గదా?"

"చూశాను" అన్నాను.

ఎందుకన్నానో చెప్పమంటే చెబుతాను. చుట్టూ నలుగురు వింటున్నారు, నా ఫోటో వేసే పేజీ నా ముందే ఉంది, నోటికి ఆ మాటే తేలిగ్గా వచ్చింది. అంతే.

ఆయన చంకలోని ఫైలు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "అయితే మేమే సరిగ్గ చెప్పలేకపోయినం కావొచ్చు" అన్నాడు.

ఆయన అడిగింది చాలా చిన్నది. వచ్చే సోమవారం స్పాన్సర్లూ చానెల్‌వాళ్లూ స్టూడియోవాళ్లతో కూర్చుంటున్నారు. ఆదివారం పొద్దుటి టైము ఉంచాలా తీసేయాలా అన్నది ఆ రోజు తేలుతుంది. నా కటింగు అప్పటికే వాళ్ల చేతికి చేరింది. "ఈ ఆదివారం రెండు లైన్లు వెయ్యుండ్రి మేడం. కాలు కావాల్ననే అట్ల గీసిన్రని. సీరియల్ బాగలేదంటే బాగలేదనే రాయుండ్రి, తక్లీఫ్ లేదు. గీయ రాదని మాత్రం అనకుండ్రి. అక్కడ నలభై మందిమి ఉన్నం."

"చూస్తాను" అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. రెండు నిమిషాలకు చూస్తే ఫైలు టేబుల్ మీదే ఉంది. తీసుకుని కిందికి దిగాను.

గేటు పక్కన వేపచెట్టు కింద స్కూటర్ స్టాండు వేసి ఉంది. వెనక సీటు మీద పన్నెండేళ్ల పిల్ల, బడి యూనిఫాంలో. నా చేతిలో ఫైలు చూసి, తండ్రి వద్దంటున్నా దిగి నా వైపు నడిచి వచ్చింది. ఒక కాలు ముందుకు పడింది. రెండోది వెనకాల ఈడ్చుకొచ్చింది. ఆ నడక నాకు తెలుసు. గీతలు పడుతున్న తెర మీద, శబ్దం లేకుండా, పది నిమిషాలు చూశాను.

"మా బిడ్డ మేడం" అన్నాడాయన. "నిన్నటిసంది స్కూల్‌కు పోనంటున్నది, ఇయ్యాల తయారై సుత గేటు కాడికెళ్లి వాపస్ వచ్చింది. క్లాసుల పోరగాళ్లు పేపర్ చూపించి పరేషాన్ చేస్తున్నరంట."

నా శీర్షిక ఆ పిల్లకు పేరయిందని అడక్కుండానే అర్థమైంది. ఆ పిల్ల ఫైలు అందుకుని, "మీరేనా మేడం రాసేది?" అంది. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు భరించరానిదైంది.

"ఆదివారం పేపరు చూడమ్మా. మళ్లీ రాస్తాను" అన్నాను.

పైకి వచ్చి ఆ క్యాసెట్‌ను మొదటి నుంచి, మామూలు వేగంలో, శబ్దం పెట్టి చూశాను. ఉద్యోగంలో చేరాక ఒక టేపును పూర్తిగా చూడడం అదే మొదటిసారి కావచ్చు. మొదటి సీనులో హారతి లేదు. జ్వరం వచ్చిన ఒక పసిపిల్ల, మంచం పక్కన అమ్మ. పిల్ల లేచి మొదటి అడుగు వేసినప్పుడు ఒక చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒకటి నేలను రాసుకుంటూ. ఆ చప్పుడే కథంతా వెంట వచ్చింది. పహారావాళ్ల పెద్ద పెద్ద చెవులు ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగిపోయేవి. రెండో భాగం చివర ఆ పిల్ల కొండ మెట్లు ఎక్కడం మొదలుపెడుతుంది. ప్రతి మెట్టుకూ నడుము ఎలా ఒరుగుతుందో, చెయ్యి ఎక్కడ ఆనుతుందో, ఎంత ఓపికగా గీశారో చూసి నాకు ఏడుపొచ్చింది. సినిమా పేజీ కుర్రాడు వీసీఆర్ కోసం వచ్చి నన్ను చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఒక పేరా రాశాను. మొదటి సీను చూడకుండా, ఫార్వర్డ్‌లో చూసి రాశాననీ, తప్పు గీసినవాళ్లది కాదు నాదనీ. రాసేసరికి ప్రాణం కుదుటపడింది. అచ్చవుతుందనే అనుకున్నాను.

బుధవారం పొద్దున ఇన్‌చార్జి దాన్ని రెండుసార్లు చదివాడు. తలుపు వేసి రమ్మన్నాడు.

"ఏంటమ్మా ఇది? సవరణ వేసేది పేరు తప్పు పడితేనో, ఫోటో మారితేనో. రివ్యూకు సవరణేంటి? అది నీ అభిప్రాయం కదా."

"అభిప్రాయం కాదండీ. నేను చూడలేదు. చూడకుండా రాశాను."

"నువ్వొక్కదానివేనా? అందరూ అలాగే చూస్తున్నారు. ఫార్వర్డ్‌లో చూశానని నువ్వు అచ్చేసుకుంటే రేపటి నుంచి ఈ పేజీని ఎవడు నమ్ముతాడు? వంటల రివ్యూ కూడా నమ్మరు."

ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చివరికి ఇలా అన్నాడు. "సరే. వేద్దాం. నీ సంతకంతో వేద్దాం. కానీ ఈ ముక్క వేశాక కాలమ్ నీ పేరుతో నడవదు, అది నా చేతుల్లో లేదు. నువ్వు వెనక్కి న్యూస్ డెస్కుకు వెళ్లి వార్తలు దిద్దుకోవాలి. ఒంటిగంటకు పేజీ మూస్తాను. ఈలోపు చెప్పు."

రెండు గంటల టైము. నా సీట్లో కూర్చుని ఆ పిల్ల నడక తలుచుకున్నాను. నా ఫోటోనూ తలుచుకున్నాను. కూరగాయల బండి ఆయన్ని, చర్చి బయట ఆగి పలకరించే వాళ్లను, "టీవీ మేడం" అనే పిలుపును తలుచుకున్నాను. ఇంకొంచెం మెత్తగా, నా తప్పు ప్రస్తావన లేకుండా రాయవచ్చు కదా అని కూడా ప్రయత్నించాను. ఏం రాసినా, మరి వారం క్రితం ఎందుకలా రాశావన్న ప్రశ్న వస్తోంది. ఒంటిగంటకు అరగంట ఉందనగా వెళ్లి కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆ జాగాలో ఒక పాటల పోటీ మీద అప్పటికప్పుడు రాసి ఇచ్చాను. దాన్ని కూడా ఫార్వర్డ్‌లోనే చూశాను.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు పిల్లలూ. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అడిగింది ఇవ్వడానికి ఒప్పుకున్నారు, నేనే వెల చూసి వెనక్కి తగ్గాను.

తర్వాతి సంగతులు కొన్ని చానెల్ పంపే కాగితాల్లో చదివాను, కొన్ని చెవిన పడ్డాయి. సోమవారం మీటింగులో మూడు పత్రికల కటింగులు పక్కపక్కన పెట్టి చూపించారట. సీరియల్‌ను ఆదివారం నుంచి తీసి మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండున్నరకు మార్చారు. పిల్లలు బడిలో ఉండే వేళకు పిల్లల సీరియల్! పదకొండో భాగంతో ఆపేశారు. రాక్షసుడు దాచిన ఆ ఉదయం పెట్టెలోంచి బయటికి రానేలేదు. స్టూడియో బయటి దేశాల కార్టూన్లకు కూలి పనిగా, ఒక కదలికకూ ఇంకోదానికీ మధ్య వచ్చే బొమ్మలు గీసిచ్చే చోటయింది, ఇంకొన్నాళ్లకు అదీ పోయింది. ఆయన మళ్లీ రాలేదు, ఫోన్ చేయలేదు. బేగంపేట వైపు పని పడితే నేను ఆ భవనం ముందు నుంచి కాక చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. కాలమ్ మాత్రం ఇంకా చాలా ఏళ్లు రాశాను. ఫార్వర్డ్ నొక్కడం మానేశాను, అది ఎవరికి పనికొచ్చిందని?

రిటైరైన రెండో ఏడు, ఇంకా రాష్ట్రం ఒకటిగానే ఉన్న రోజులు, ఒక మధ్యాహ్నం పద్మారావు నగర్‌లో మా ఇంటి తలుపు తట్టారు. మేం ఉండేది మేడ మీద. తలుపు తీయకముందే ఎవరో తెలిసింది. మెట్ల మీద ఆ చప్పుడు వినే లేచాను.

ఆమె బొల్లారంలో ఒక బడిలో టీచరుగా చేస్తోంది. నీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి చెప్పింది. "నాన్న పోయి మూడు నెలలైంది మేడం. ఆయన గీసింది ఏదన్న ఒక్కటి దొరుకుతదేమోనని తిరుగుతున్న. స్టూడియో టేపులన్నీ ఎప్పుడో చెరిపేసి వాడుకున్నరంట. చానెల్ల సుత లెవ్వు. పేపరోళ్లకు క్యాసెట్లు పంపిండ్రు గదా, మీ కాడ ఉన్నదేమోనని వచ్చిన."

ఉంది. ఆఫీసులో పాత క్యాసెట్లను పారేయకుండా వాటి మీదే వేరేవి రికార్డు చేసుకునేవాళ్లం. నేనూ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఒక క్రిస్మస్‌కు మా చర్చి క్వయర్ టీవీలో వచ్చినప్పుడు, తెర మీద కనబడిన నా మొహాన్ని భద్రపరచుకోవడం కోసం ఆ క్యాసెట్ మీదే రికార్డు చేశాను. ఈ మాట ఆమెకు చెప్పడం నా ఉద్యోగంలో రాసిన అన్ని మాటలకన్నా కష్టమైంది. అయినా పెట్టి చూద్దామంది. పాత వీసీఆర్ దుమ్ము దులిపి పెట్టాం. ముప్పావు గంట సేపు నేను రెండో వరసలో నిలబడి పాడుతూనే ఉన్నాను. ఫార్వర్డ్ చేయబోతే ఆమె, "వద్దు మేడం, ఉండనియ్యుండ్రి" అంది. పాటలైపోయాయి. తెర మీద చీమలు పాకినట్టు చుక్కలు. తర్వాత ఒక్కసారిగా రంగులు. కొండ, మెట్లు, ఖాళీ లాంతరు పట్టుకుని పైకెక్కుతున్న పిల్ల. అర నిమిషం ఉందేమో. టేపు అయిపోయింది.

ఆమె వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మూడోసారి చూశాక తల అడ్డంగా ఊపింది.

"ఇది నా నడక కాదు మేడం."

నేను తెర వైపు మళ్లీ చూశాను.

"నా నడక గీయనీకి నాన్న బీరువా అద్దం ముంగట నెలల కొద్ది కుంటుకుంట నడిచిండు. నేను తలుపు సందుల నుంచి చూసేదాన్ని. నాకు భుజం గిట్ల పడది, ఆయనకే పడేది. ఇది మా నాన్ననే."

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్లు మోసిన మాట. "ఆ రోజు మొదటి సీను చూశారా అని మీ నాన్న అడిగితే చూశానని అన్నానమ్మా. చూడలేదు."

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు. "తెలుసు మేడం. మీరు పైకి పోంగనే నాన్న చెప్పిండు. 'మేడం చూడలే బిడ్డా, నలుగురి ముంగట చెప్పుకోలేకపోయింది, పాపం. మంచామె. ఆదివారం రాస్తది' అన్నడు. ఆ ఆదివారం పొద్దుగాల్నే లేచి ఇద్దరం రైల్వే స్టేషన్ దాకా పోయి పేపర్ కొన్నం."

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. క్యాసెట్‌ను నా చీర ముక్క ఒకదానిలో చుట్టి ఇచ్చాను. మెట్ల దాకా వస్తానంటే వద్దంది. గుమ్మంలో నిలబడి, ఆమె దిగుతున్న చప్పుడు చివరి మెట్టు దాకా విన్నాను.